కిటికీ దగ్గర ఒక్క గొంతు

ఫిబ్రవరి 3

షర్టుల కంపెనీ నుంచి సరుకు తిరిగొచ్చింది. ముదురు నీలం దారం, నూట ఇరవై కండెలు. ప్రతి పెట్టె మీదా ఎర్ర కాగితం అంటించి పంపారు, దొంగసొత్తు పట్టుకున్నట్టు. లోపల చీటీలో ఒక్క ముక్క: రంగు కలవలేదు.

కలవకపోవడమేమిటి? వాళ్ల బట్ట ముక్క, మా దారం ఉత్తరం కిటికీ దగ్గర పెట్టి పదిసార్లు చూశాను. బట్ట మీద దారం ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. కుట్టు కనపడకూడదు, దారం బట్టలో కలిసిపోవాలి, ఇదేగా వాళ్లకి కావలసింది. నాన్న పోయాక ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ కార్ఖానాలో నేను చేయిస్తున్నది అదే. ఇప్పుడు ఆ కంపెనీలో సరుకు తనిఖీ చేసే పాతికేళ్ల పిల్ల నీలం అంటే ఏమిటో నాకు చెబుతుందట.

రంగులు కలిపే మేస్త్రిని పిలిచి చూపించాను. దారం చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది ఎప్పుడు తీసిన లాటు అమ్మాయిగారూ?"

"గురువారం. మీ ఆవిడకి మోకాలి నొప్పని మీరు సెలవు పెట్టారుగా. నేనే సరే అన్నాను."

ఇంకాసేపు చూశాడు. తర్వాత, "నీళ్లు మారాయేమో" అన్నాడు.

నిజమే. పోయిన నెలే ఈ వీధికి కొత్త గొట్టం వేశారు. ఆ నీళ్లు నోట్లో పోసుకుంటేనే తేడా తెలుస్తుంది. యాభై ఎనిమిదేళ్లు వచ్చినా నన్ను అమ్మాయిగారూ అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కడే. ఆయన ఊరికే ఏదీ అనడు.

ఫిబ్రవరి 4

నీళ్లే.

ఫిబ్రవరి 9

తమ్ముడు మళ్లీ మొదలుపెట్టాడు. రంగు కొలిచే మిషన్ కొనాలట. చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు.

"అన్ని కార్ఖానాల్లోనూ పెట్టేశారక్కా. దారం లోపల పెడితే అంకెలు వస్తాయి. తగాదా ఉండదు."

"అంకెలు తొడుక్కుంటారా జనం, షర్టులు తొడుక్కుంటారా?"

"నీతో మాట్లాడటం నాదే తప్పు."

"నాన్న ఉంటే ఈ మాట ఎత్తేవాడివా నువ్వు?"

"నాన్న ఉంటే ఈ పాటికి కొనేసేవాడు. ఆయనకి కొత్తవంటే సరదా" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. నాన్న పోయేసరికి వీడికి ఇరవై రెండేళ్లు. నాన్న సంగతి నాకు చెబుతాడు.

రంగు చూసే పద్ధతి అంతా నాన్న పెట్టిందే. తొట్టిలోంచి తీసిన దారాన్ని ఆరబెట్టి పొద్దున పది, పదకొండు మధ్య ఉత్తరం కిటికీ దగ్గరికి తేవాలి. ముందు బూడిదరంగు గుడ్డ వైపు చూసి కన్నుకి విశ్రాంతి ఇవ్వాలి. తర్వాత మూడు లెక్కపెట్టేంతసేపే దారం వంక చూడాలి. అంతకు మించితే కన్ను అబద్ధం చెబుతుంది. చూసినవాళ్లు సరే అంటే సరే, ఇంకొంచెం ఎరుపు అంటే ఎరుపు. పక్కనున్నవాళ్లు నోరెత్తకూడదు. తలా ఒక మాట అంటే రంగు ఎటూ కాకుండా పోతుందని, కిటికీ దగ్గర ఒక్క గొంతే ఉండాలని నాన్న అనేవాడు. ఆ గొంతు ఆయనది, తర్వాత నాది. మేస్త్రి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ కిటికీ దగ్గర నోరు తెరవలేదు.

ఇంకోటి కూడా ఉంది. ఎదురుగా అద్దాల మేడ కడుతున్నారు. నాలుగో అంతస్తు వరకూ అద్దాలు బిగించేశారు. ఆ వెలుతురు తిరిగి వచ్చి మా కిటికీలో పడుతోంది. ఉత్తరం వెలుతురు చల్లగా ఉండాలి, ఇప్పుడు పసుపుగా ఉంటోంది. ఇది తమ్ముడికి చెబితే నవ్వాడు.

ఫిబ్రవరి 15

తమ్ముడు ఒక సలహాదారుని తీసుకొచ్చాడు. మెడకి టై, చేతిలో సంచీ, చెప్పులు విప్పకుండా రంగుల గదిలోకి వచ్చేశాడు. వ్యాపారం ఎలా నడుస్తుందో రెండు రకాల కారణాలు తేలుస్తాయట, లోపలివి, బయటివి. పెద్ద కాగితం మధ్యలో గీత గీసి రెండు గళ్లు చేశాడు. బయటివి మన చేతిలో ఉండవట, వాటిని చూసుకుని నడవాలట. లోపలివి మన చేతిలో ఉంటాయట, వాటిని సరిదిద్దుకోవాలట. ఇంత చిన్న సంగతికి గంటన్నర పట్టింది. మరదలు ఇచ్చిన టీ రెండుసార్లు తాగాడు.

ఆయనకి రెండు గళ్లాయన అని పేరు పెట్టాను. తమ్ముడు ముఖం మాడ్చుకున్నాడు గానీ మరదలు వంటింట్లోకి వెళ్లి నవ్వింది.

వెళ్తూ వెళ్తూ, "మేడం, మీరు ఒంటరిగా కూర్చుని నింపండి. నిజాయితీగా" అన్నాడు. నేనేదో అబద్ధాల పుట్టనైనట్టు.

ఫిబ్రవరి 16

సరే, నింపాను. బయటివి: కొత్త గొట్టం నీళ్లు. ఎదురుగా అద్దాల మేడ. మురుగు నీటి మీద కొత్త రూలు. గ్యాసు ధర. పైదేశాల నుంచి దిగే చవక దారం. షర్టుల కంపెనీలో పాత మేనేజరు మానేసి, ఏమీ తెలియని పిల్ల రావడం. మట్టి రోడ్డు దుమ్ము. రంగు పొడి అమ్మేవాడు పొడిలో ఏదో కలుపుతున్నాడని అనుమానం.

లోపలివి: ఏమీ తోచలేదు. తమ్ముడి పెత్తనం అని రాసి కొట్టేశాను.

ఫిబ్రవరి 22

పొద్దున మరదలు నా కాళ్ల వంక చూసి, "వదినా, ఇదేం ఫ్యాషన్?" అంది. ఒక మేజోడు నలుపు, ఒకటి నీలమట.

"మీరు వేయించిన బల్బులు గుడ్డి దీపాలు. నేనేం చేయను?" అన్నాను.

"అవి మొన్న వేసినవే వదినా. కళ్లు జిగేలుమంటున్నాయి."

రాత్రిపూట బండ్ల లైట్లు నిజంగానే జిగేలుమంటున్నాయి. ఈమధ్య అందరూ ఎక్కువ కాంతి లైట్లు పెట్టిస్తున్నారు, ఎదుటివాళ్ల గురించి ఎవరికీ పట్టదు. వరండా గోడకి రెండేళ్ల కిందట వేయించిన సున్నం కూడా అప్పుడే పసుపు తిరిగింది. ఏ వస్తువూ నాణ్యంగా రావడం లేదు.

మార్చి 2

మళ్లీ ఎర్ర కాగితాలు. ఈసారి తెలుపు. తెలుపు కాదట, మీగడ రంగట. ఈ లాటు దగ్గర నేను మొదటి నుంచి చివరి వరకూ తొట్టి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మేస్త్రిని కూడా పక్కకి కదలనివ్వలేదు. నా కళ్ల ముందు తీసిన సరుకు తప్పెలా అవుతుంది?

తమ్ముడు కంపెనీకి వెళ్లి వచ్చాడు. అక్కడేమన్నారో చెప్పకుండా భోజనం చేసి పడుకున్నాడు.

మార్చి 6

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున బూడిద నీలం వచ్చింది. కిటికీ దగ్గర చూశాను, సరే అన్నాను. మేస్త్రి తల ఊపి కిందకి వెళ్లాడు. కొత్త గొట్టం నీళ్లని వడకట్టడానికి పెట్టించిన డబ్బా ఎలా పనిచేస్తోందో చూద్దామని కాసేపాగి నేనూ వెళ్లాను. ఆయన తొట్టి దగ్గర వంగి ఉన్నాడు. చేతిలో చెంచా, చెంచాలో నీలం పొడి. మగ్గులో కలిపి తొట్టిలో పోశాడు.

"ఏం చేస్తున్నారు?" అన్నాను.

ఆయన నిటారుగా నిలబడ్డాడు. దారం తిప్పే పనివాళ్లిద్దరూ చేతులు ఆపేశారు.

"కొంచెం కలుపుతున్నాను అమ్మాయిగారూ."

"నేను సరే అన్నాకా?"

చెంచా తొట్టి గట్టు మీద పెట్టాడు.

"ఎన్నాళ్లుగా చేస్తున్నావిది?" అన్నాను. నువ్వు అనేశాను. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని నువ్వు అనడం ఇదే మొదటిసారి.

"రెండేళ్లు దాటింది."

"ఎందుకు?"

పనివాళ్ల వైపు ఒకసారి చూశాడు, నా వైపు చూశాడు, నేల వైపు చూశాడు. "పొరపాటైంది" అన్నాడు. అంతే. వాదించలేదు. తప్పు లేనివాడైతే వాదించడా?

రెండేళ్లుగా నా వెనక నా రంగుల్ని చెడగొడుతున్నాడు. నీళ్లు మారాయేమో అన్నది కూడా ఆయనే. నేను పిచ్చిదానిలా గొట్టాల్ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

మార్చి 7

రెండు గళ్లాయన కాగితం తీశాను. లోపలివి అన్న గడిలో మేస్త్రి అని రాశాను.

తర్వాత కంపెనీకి ఉత్తరం. రంగు తేడాలకి కారణం తేలిందని, మా దగ్గర రంగులు కలిపే వ్యక్తి నా అనుమతి లేకుండా రంగులు మారుస్తున్నట్టు నేనే స్వయంగా పట్టుకున్నానని, అతన్ని పనిలోంచి తీసేశామని. పేరు, వయసు, చిరునామా అన్నీ రాశాను. తమ్ముడు చదివి, "పేరు అవసరమా అక్కా?" అన్నాడు.

"పేరు లేకపోతే సాకు చెబుతున్నామనుకుంటారు" అన్నాను.

వాడు ఉత్తరం మడిచి కవరులో పెట్టాడు. వాడికీ ఊపిరాడినట్టుంది.

మార్చి 8

మేస్త్రి వెళ్లేటప్పుడు నా గదిలోకి రాలేదు. వాకిట్లో నిలబడి కిటికీ వైపు చూసి వెళ్లిపోయాడని కాపలావాడు చెప్పాడు. నేనేమీ ఏడవలేదు. కంట్లో దుమ్ము పడింది.

మార్చి 15

ఈ వారం ఒక్క లాటు కూడా తిరిగి రాలేదు. చూశారా, అని ఎవరితోనైనా అనాలనిపించింది. కంపెనీ నుంచి జవాబు కూడా వచ్చింది, మా చిత్తశుద్ధిని మెచ్చుకుంటూ. మే నెలాఖరు వరకూ చూస్తామన్నారు, ఈలోగా మిషన్ పెట్టాలన్నారు. పెడితే పెడదాం, మూల పడి ఉంటుంది.

మేస్త్రి స్థానంలో ఎవరినీ పెట్టలేదు. నేను చెబుతాను, పనివాళ్లు కలుపుతారు. ఆ మాత్రానికి మేస్త్రి ఎందుకు?

మార్చి 21

నాలుగు లాట్లు. నాలుగూ ఒకే బండిలో తిరిగొచ్చాయి. ఎర్ర కాగితాలు చించే ఓపిక కూడా లేదు.

మార్చి 22

ఇంకెవడున్నాడు లోపల?

మార్చి 27

తనిఖీ పిల్ల స్వయంగా వచ్చింది. అనుకున్నంత పొగరేమీ లేదు. లోపలికి వచ్చేముందు చెప్పులు విప్పింది, రంగుల తడి చూసి పాదాలు జాగ్రత్తగా వేసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పద్ధతంతా చెప్పాను. బూడిద గుడ్డ, మూడు లెక్క, అన్నీ. శ్రద్ధగా విన్నది.

తర్వాత తన సంచీలోంచి మూడు దారపు కండెలు తీసి కిటికీ గట్టు మీద పెట్టింది.

"మేడం, వీటిల్లో ఒకటి వేరు. ఏదో చెప్పగలరా?"

చూశాను. గుడ్డ వైపు చూసి మళ్లీ చూశాను. మూడూ ముదురు నీలమే. నన్ను పరీక్షిస్తోందని అర్థమైంది. "తేడా ఏమీ లేదమ్మా. నీ తెలివితేటలు నా దగ్గర కాదు" అన్నాను.

ఆ పిల్ల తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు కండెల వైపు చూసి, ముఖం తిప్పుకున్నాడు.

"మధ్యది నలుపు మేడం" అంది మెల్లగా.

ఎదురు మేడ అద్దాల వెలుతురు అని చెప్పాను. అయితే పెరట్లోకి వెళ్దామంది. వెళ్లాం. ఆకాశం కింద నిలబడి చూశాను. ఎండకి కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడూ ఒకటే. పనివాళ్లు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. అందులో ఒకామె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

మార్చి 28

తలనొప్పి.

మార్చి 29

తలనొప్పి. కార్ఖానాకి వెళ్లలేదు.

ఏప్రిల్ 2

మరదలు చెయ్యి పట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. చీకటి గది. గడ్డం ఒక గిన్నెలాంటి దానిలో పెట్టమన్నాడు. ఒక్కో కంట్లోకీ లైటు వేసి చూశాడు.

"రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయమ్మా. బాగా ముదిరాయి. ఏం పని చేస్తారు మీరు?"

చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టాడు.

కంటి లోపలి కటకం పసుపు తిరిగిందట. దాని వెనక నుంచి చూస్తే నీలాలు చస్తాయట, తెలుపు, మీగడ ఒకటే అవుతాయట. మెల్లగా వస్తుంది కాబట్టి మనిషికి తెలియదట. ఎన్నాళ్లయి ఉంటుందని మరదలు అడిగింది. నేను అడగలేదు.

"మూడేళ్లకి తక్కువ ఉండదు" అన్నాడు.

డాక్టర్లంతా ఇంతే, ఉన్నదానికి రెండింతలు చెబుతారు.

ఏప్రిల్ 3

రెండు గళ్ల కాగితం తీసి రబ్బరుతో మేస్త్రి అన్న మాట చెరిపాను. పెన్నుతో రాసింది, పోలేదు. కాగితం చిరిగింది.

ఏప్రిల్ 5

మరదల్ని కూర్చోబెట్టి నమూనాల పుస్తకం ముందు పెట్టాను. కంపెనీ బట్ట ముక్క ఒకపక్క, దాని పక్కనే మేం పంపిన దారం, కింద తేదీ. మూడేళ్ల పుస్తకం.

"ఏది కలిసిందో ఏది కలవలేదో చెబుతూ పో" అన్నాను.

"నాకేం తెలుసు వదినా రంగుల గురించి?"

"నీకు కళ్లున్నాయిగా. చెప్పు."

పేజీ తిప్పుతూ చెప్పింది. బాగుంది. బాగుంది. బాగుంది. ఇదీ బాగుంది. ఇది తేడా. నేను తేదీ అడిగాను. గురువారం, మేస్త్రి సెలవు. మళ్లీ బాగుంది, బాగుంది. ఇది తేడా. నేను కుర్చీ వేసుకుని కూర్చున్న రోజు. మార్చి ఏడు తర్వాత ఇక ఒక్కటి కూడా బాగుంది అనలేదు. కాసేపటికి తనే గొంతు తగ్గించేసింది.

నేను సరే అన్న ప్రతి తప్పునీ ఆయన కిందకి వెళ్లి చెంచాతో సరిచేశాడు. రెండేళ్లు. రోజూ.

ఆ రోజు అంతమంది ముందు ఎందుకని అడిగాను. వాళ్ల ముందు ఆయన ఏం చెప్పగలడు? అమ్మాయిగారికి కళ్లు కనబడటం లేదని చెప్పాలా?

ఏప్రిల్ 9

మేస్త్రి ఇంటికి వెళ్లాను. ఇన్నేళ్లలో ఆ గుమ్మం తొక్కడం రెండోసారి. రెండు గదులు, బయట నీళ్ల తొట్టి. ఆయన భార్య కర్ర పట్టుకుని వచ్చి తలుపు తీసింది. నన్ను చూసి లోపలికి రమ్మనలేదు. వద్దని కూడా అనలేదు, పక్కకి జరిగింది.

ఆయన లేచి నిలబడి కుర్చీ తుడిచాడు. నేను కూర్చోకుండానే చెప్పేశాను, డాక్టరు చెప్పింది, పుస్తకంలో చూసింది.

"తెలుసమ్మా" అన్నాడు.

"తెలిస్తే చెప్పరా? ఒక్క మాట. నా చెవిలో చెబితే పోయేదేముంది?"

"ఎన్నోసార్లు అనుకున్నాను. కిటికీ దగ్గర ఒక్క గొంతేనని నాన్నగారు నా చేత ఒట్టు వేయించుకున్నారు. మీరు మొదటిసారి అక్కడ నిలబడ్డ రోజున. ఆడపిల్ల, అందరూ తలా ఒక మాట అంటారు, నువ్వు మాత్రం అనకు అన్నారు." కుర్చీ తుడిచిన గుడ్డ మడుస్తూ, "చెంచాతో పోయేదానికి మాటలెందుకు అనుకున్నాను" అన్నాడు.

రేపటి నుంచి రమ్మన్నాను. నవ్వాడు.

"నేను కలిపిన సరుకు ఆ కంపెనీ తీసుకుంటుందా? మీ ఉత్తరం వాళ్ల దగ్గరుంది."

అప్పుడు భార్య మాట్లాడింది, గోడ వైపు చూస్తూ. వంతెన అవతల ఉన్న రంగుల కార్ఖానాకి పనికోసం వెళ్లాడట. అక్కడి మేనేజరు షర్టుల కంపెనీని అడిగాడట. నా ఉత్తరం తెప్పించుకుని అందరి ముందు చదివి వినిపించాడట. ఇంకో రెండు చోట్లకి వెళితే అక్కడికీ ఆ కబురు ముందే చేరిందట. "యాభై ఏళ్లు చేసిన మనిషిని దొంగను చూసినట్టు చూశారు" అంది.

కంపెనీకి నిజం రాస్తానని చెప్పి వచ్చాను.

ఏప్రిల్ 10

తమ్ముడితో చెప్పాను. తలుపు వేసి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా, నీ కాళ్లు పట్టుకుంటాను. ఇప్పుడు రాయకు."

"ఆయన పేరు పోయింది నా వల్ల."

"ఒప్పుకుంటాను. ఆయన్ని మనం చూసుకుందాం, ఇంటికే జీతం పంపుదాం. కానీ రాయకు. తప్పు చేసినవాణ్ణి తీసేశామని చెప్పాం కాబట్టి మే వరకూ ఆగారు. మూడేళ్లుగా యజమానురాలికే రంగులు కనబడటం లేదని తెలిస్తే ఒక్క రోజు ఆగుతారా? ముప్పై ఎనిమిది మంది ఉన్నారు మన మీద."

నిజమేగా, ముప్పై ఎనిమిది మంది.

ఏప్రిల్ 14

రాయలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

ఏప్రిల్ 19

మేస్త్రికి జీతం పంపితే తీసుకోలేదు. పంపిన మనిషికి టీ ఇచ్చి పంపించాడట.

ఏప్రిల్ 23

ఆపరేషన్ అయ్యాక రాస్తాను. సగం కళ్లతో రాసిన ఉత్తరానికి విలువేముంది?

ఏప్రిల్ 30

తమ్ముడు మిషన్ తెచ్చాడు. చిన్న పెట్టె, అన్నం గిన్నె అంత ఉంది. దారం పెడితే అంకెలు చూపించింది. పనివాళ్లు దాని చుట్టూ మూగారు. నేను సరే అనాల్సిన అవసరం లేదు. పొద్దున పది గంటలకి ఏం చేయాలో తెలియక మెట్ల మీద కూర్చున్నాను.

మే 6

కుడి కన్ను.

మే 9

కట్టు విప్పారు.

ఆస్పత్రి గోడ తెల్లగా ఉంది. ఇంత తెలుపు ఉంటుందని మరిచిపోయాను. మరదలు కట్టుకున్న నీలం చీరని అలాగే చూస్తూ ఉండిపోయాను. "ఏంటి వదినా అలా చూస్తున్నారు?" అంది. కుడి కన్ను మూసి చూశాను, బూడిదైపోయింది. తెరిచాను, మళ్లీ నీలం. చిన్నపిల్లలా దారి పొడవునా అదే చేస్తూ వచ్చాను.

ఇంటికొచ్చి ఈ డైరీ తెరిస్తే ఇదంతా నీలం సిరా. నల్ల సిరాతో రాస్తున్నాననుకున్నాను.

నమూనాల పుస్తకం కూడా చూశాను. నేను సరే అన్నాక మేస్త్రి చెయ్యి పడకుండా పోయినవి. పది పేజీల తర్వాత మూసేశాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

మే 10

రాశాను. సాకులేవీ పెట్టలేదు. నీళ్లు, అద్దాల మేడ, ఏదీ ఎత్తలేదు.

"మార్చి ఏడున నేను రాసినది తప్పు. రంగు తేడాలకి కారణం నా కళ్లు. మూడేళ్లుగా నాకు శుక్లాలున్నాయి. మా మేస్త్రి నా తప్పుల్ని రహస్యంగా సరిదిద్దడం వల్లే రెండేళ్లు మీకు మంచి సరుకు అందింది. ఆయన్ని తీసేసింది నేను. ఆయన పేరు చెడగొట్టింది నేను. ఆ ఉత్తరాన్ని మీరు ఎవరెవరికి చూపించారో వాళ్లందరికీ దయచేసి ఈ ఉత్తరం కూడా చూపించండి."

తమ్ముడికి చెప్పకుండా నేనే నడిచి వెళ్లి పోస్టులో వేశాను. వంతెన అవతలి కార్ఖానా మేనేజరుకి ఇంకో ప్రతి చేతికే ఇచ్చాను. ఆయన చదివి, మడిచి, "రేపే కబురు పెడతాను" అన్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు.

నెల రోజులు ఆలస్యం చేశాను. అది ఉత్తరంలో రాయలేదు.

మే 24

కంపెనీ జవాబు. రెండు వాక్యాలు. నా నిజాయితీకి ధన్యవాదాలు. ఇకపై మా నుంచి దారం తీసుకోరు.

తమ్ముడు ఆ కాగితం నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. కేకలేస్తాడనుకున్నాను. వేస్తే బాగుండేది. వాడు నాతో మాట్లాడటం మానేశాడు.

మే 31

పంతొమ్మిది మందిని పంపించేశాం. ఆ రోజు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న ఆమె కూడా ఉంది. వెళ్తూ నా చెయ్యి పట్టుకుని, "మీరేం చేస్తారు లెండి, అంతా బయట పరిస్థితులు" అంది. అవునని కూడా అనలేకపోయాను, కాదని కూడా అనలేకపోయాను.

జూన్ 14

ఈ రోజు మేస్త్రి ఇంటికి వెళ్లాను. కబురు వచ్చే ఉంటుంది, పనిలో చేరే ఉంటాడు, భార్యని పలకరించి వద్దామని పగటి పూట వెళ్లాను. ఆయన ఇంట్లోనే ఉన్నాడు. అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"పిలవలేదా వాళ్లు?" అన్నాను.

"పిలిచారమ్మా. గౌరవంగానే పిలిచారు. మీ ఉత్తరం కూడా చూపించారు. మూడు రోజులు వెళ్లాను."

"మరి?"

లోపల భార్య గిన్నెలు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

"మొదటి రోజు లేత ఆకుపచ్చ వచ్చింది. అక్కడ మిషన్ ఉంది గానీ చివరి మాట నాదేనన్నారు. వెలుతురులో పెట్టి చూశాను. కలిసింది. సరే అందామని నోరు తెరిచాను. మాట రాలేదు."

"ఎందుకని?"

"మీ కళ్లు పాడయ్యాయని రెండేళ్లుగా నాకు తెలుసు. నా రంగే సరైనదని కూడా తెలుసు. కానీ మీ మొదటి ఉత్తరం నలుగురిలో చదివి వినిపించాక, ఇంటికొచ్చి ఆలోచించాను. అమ్మాయిగారంతటి మనిషి ఊరికే రాస్తారా, పాడైంది నా కన్నేనేమో, మంచి రంగుల్నే చెంచాలు చెంచాలు పోసి చెడగొట్టానేమో అనిపించింది. రెండు నెలలు అదే ఆలోచన. ఇప్పుడు మీరు కాదని రాశారు. చదివాను. సంతోషమే. అయినా ఏ రంగు చూసినా ఇది అదేనా అనిపిస్తోంది. రెండో రోజూ అంతే. మూడో రోజు వాళ్ల ముందు నిలబడలేక వచ్చేశాను."

ఆయన కన్ను లాంటి కన్ను ఈ పనిలో ఇంకెవరికీ లేదని చెప్పాను. ఆ మధ్య పుస్తకం మొత్తం మళ్లీ తెరిచి నా కొత్త కన్నుతో చూశానని, ఆయన చెయ్యి పడ్డ ఒక్క రంగు కూడా తప్పు లేదని చెప్పాను. ఆయన తల ఊపుతూనే ఉన్నాడు, మారాం చేసే పిల్లని సముదాయిస్తున్నట్టు.

ఆయన చేతుల వంక చూశాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ గోళ్లు నీలంగానే ఉండేవి. ఎంత తోమినా పోయేది కాదని ఆయన భార్య విసుక్కునేది. ఇప్పుడు అన్నీ పెరిగి, కత్తిరించి, అందరి గోళ్లలాగే శుభ్రంగా ఉన్నాయి. నేను చూస్తున్నానని గమనించి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇప్పుడు బాగా కనిపిస్తోందా అమ్మాయిగారూ?" అని అడిగాడు.

కనిపిస్తోందని చెప్పాను.